బ్రేకాయిల్ ఎటు పోతోంది?

ముందు డ్రైవరు సీట్లో కూర్చోండి. సీటంటే ఒక్కరిది కాదు, ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా పరిచిన సోఫా. గేరు కర్ర స్టీరింగు పక్కనే ఉంటుంది, కింద వెతక్కండి. ఇప్పుడు కుడికాలితో బ్రేకు తొక్కండి.

కాలికి ఏమీ తగల్లేదు కదా? తడి ఇసుకలో అడుగేసినట్టు పెడలు మెత్తగా దిగిపోయి, రేకుకు తగలబోయే ముందు ఆగింది. మళ్లీ తొక్కితే సగంలో ఆగుతుంది. మూడోసారికి పైనే గట్టిపడుతుంది. బాగానే ఉందనుకోకండి. బండి మా గుమ్మం ముందు నిలబడి ఉంది కాబట్టి మూడుసార్లు తొక్కే తీరిక మీకు దొరికింది. గోల్‌బజారు దారిలో సైకిల్ రిక్షా అడ్డొచ్చినప్పుడు ఒక్కసారికే సమయం ఉంటుంది.

జనవరి ఆదివారం, పొద్దున్న ఏడు గంటలు. ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలో ఉన్నారు మీరు. వీధి చివర మంచు ఇంకా విడలేదు. యార్డు వైపు నుంచి ఇంజను కూత, బొగ్గు కుంపట్ల పొగ. ఎదురింటావిడ పాలవాడిని శ్రీకాకుళం యాసలో కేకేస్తే అతను బెంగాలీలో జవాబిస్తాడు, ఇద్దరికీ ఇబ్బంది లేదు. పేరు నేతాజీది, పల్లి అంటే ఇక్కడివాళ్ల మాటలో పేట. మావాళ్లు మాత్రం వచ్చిన రోజునే దీన్ని తమ పల్లెల్లో ఒకటనుకున్నారు, పల్లితో ముగిసే ఊళ్లు మాకు కొత్తా? బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ వర్క్‌షాపు పెట్టాక శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికి వచ్చినవాళ్ల మనవలు, మునిమనవలు ఈ ఇళ్లలో ఉన్నారు. సంక్రాంతి దగ్గరకొచ్చింది. ముందు టైరుకు జానెడు దూరంలో అమ్మ వేసిన ముగ్గు ఉంది. "కారుతో ఏమన్నా చేసుకోండి, ముగ్గు మాత్రం తొక్కకండి" అని లోపల్నించి ఇప్పటికి రెండుసార్లు వినిపించింది.

బండి నాన్నది. 1972 నాటి అంబాసిడర్, మార్క్ టూ. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ అచ్చులో పోసిన ఒళ్లు, 1,489 సీసీ ఇంజను. ఇది పుట్టిన ఊరు ఇక్కడికి దగ్గరే. హౌరా వెళ్లి మెయిన్ లైన్లో లోకల్ ఎక్కితే ఉత్తర్‌పాడా దాటాక హింద్ మోటర్ అని స్టేషనే ఉంది. ఆ కార్ఖానాలో 2014 మేలో అంబాసిడర్ల తయారీ ఆగిపోయింది. అయినా ఈ జిల్లాల్లో దీని లోపలి వివరాలు తెలిసినవాళ్లు ఇంకా వీధికి ఒకరున్నారు. మా వీధికి మామ ఉన్నాడు.

అదిగో వస్తున్నాడు. తలకు మంకీ టోపీ, చంకలో గుడ్డసంచి, వెనకాల సామాను మోస్తూ ఒక గుంటడు. రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్లకు పైగా బ్రేకుల సెక్షన్లో పనిచేసి రిటైరైన మనిషి. వస్తూనే బండిని కాదు, నన్ను చూశాడు.

"ఎన్ని సీసాలు పోసినావు అల్లుడూ?"

దీపావళి నుంచి ఇప్పటికి మూడు. నూనె తగ్గినప్పుడల్లా పోశాను, పెడలు లేచింది, మరచిపోయాను. మధ్యలో హైవే పక్కన ఒక మెకానిక్ డ్రమ్ముల దగ్గర అడ్జస్టర్లు బిగించి, అయిపోయిందన్నాడు. వారం బాగుంది. ఇదంతా చెప్పాను.

"జొరం వస్తే ధర్మామీటరు మార్సినట్టుంది" అన్నాడు మామ.

మీ కాళ్ల కింద తివాచీ ఎత్తండి. దాని కింద నేలరేకులో చిన్న మూత ఉంది. దాని అడుగున మాస్టర్ సిలిండరు. ఇప్పటి కార్లలో బానెట్ ఎత్తితే కనిపించే తెల్ల డబ్బా దీనికి లేదు, నూనె ఎంతుందో చూడాలంటే ఇలా వంగి దీపం పెట్టాల్సిందే. అందుకే చాలామంది చూడరు. తెరిచే ముందు మామ చుట్టూ ఉన్న మట్టిని తడిగుడ్డతో తుడిచాడు, ఒక్క ఇసుక రేణువు లోపల పడినా రబ్బర్లను కోసేస్తుందట. మూత తీశాక అగ్గిపుల్ల ముంచి చూపించాడు. వేలెడు తగ్గింది. రంగు చూడండి, కాఫీ డికాషన్‌లా ఉంది. కొత్త నూనె లేత తేనె రంగులో, ఇంచుమించు నీళ్లలా ఉంటుంది.

నూనె అని మనం అలవాటుగా అంటున్నాం గానీ ఇది నూనె కాదు. మొదట్లో మాత్రం నిజంగా నూనే, ఆముదం. ఆముదంలో ఆల్కహాలు కలిపి వాడేవాళ్లు. ఇప్పుడు సీసాలో వచ్చేది గ్లైకాల్ జాతి ద్రవం, నీళ్లతో ఇట్టే కలిసిపోతుంది. ఈ ముక్క గుర్తుంచుకోండి, ఇంకో గంటలో పనికొస్తుంది.

మామ ఇప్పుడు చేయబోయేదంతా కాయితాల పని. నాలుగు చక్రాల కింద నాలుగు, మాస్టర్ సిలిండరు కింద ఒకటి, మొత్తం ఐదు పాత న్యూస్‌పేపర్లు పరిచాడు. విరిగిన క్రికెట్ బ్యాటు తెప్పించి, మీరు పెడలు బలంగా తొక్కి పట్టుకుంటే, బ్యాటు ఒక కొన పెడలుకు, ఇంకో కొన సీటుకు ఆనించి ఇరికించాడు. మీ కాలు తీసేయొచ్చు. ఇక బ్యాటే బ్రేకు తొక్కి పట్టుకుంటుంది. మామూలుగా నడిపేటప్పుడు రెండు సెకన్లుండే ఒత్తిడి ఇప్పుడు గంటసేపు ఉంటుంది. ఎక్కడ సందుంటే అక్కడ బయటికి రావాల్సిందే.

ఆ గంటలో చాయ్. మట్టి ముంతలో వచ్చింది, వెంట ఆలూచాప్, ముడి, అంటే మరమరాలు. విశాఖలో మురీ మిక్చరు తిన్నవాళ్లకు ఈ ముడి పేరు, రుచి రెండూ చుట్టాలే. మామ గుమ్మం మెట్టు మీద కూర్చుని తనకిష్టమైన ఫిర్యాదు మొదలుపెట్టాడు.

"రైలు బ్రేకుకీ దీనికీ ఒకటే తేడా బాబూ. రైలుకి ఆగి ఉండడమే పుట్టుక. మనం గాలి పెట్టి, పోనీలే నడు అని ఒగ్గుతాం. గాలి పోయిందా, తనే ఆగిపోతాది. దీనికేటి, నూనె ఉంటేనే బ్రేకు. పోయిందా, ఆపేవోడు లేడు."

ఇందులో అతిశయోక్తి లేదు. నేటి ఎయిర్ బ్రేకు రైలులో బ్రేకు పైపు నిండా చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ఒత్తిడి ఉన్నంతసేపే బ్రేకులు విడిపడి ఉంటాయి. ఎవరో గొలుసు లాగినా, రెండు పెట్టెల మధ్య పైపు తెగినా ఒత్తిడి పడిపోయి బ్రేకులు పట్టుకుంటాయి. వెస్టింగ్‌హౌస్ ఈ కిటుకు కనిపెట్టి నూటయాభై ఏళ్లయింది. మామ చేతుల మీదుగా ఎక్కువగా నడిచిన వ్యాక్యూమ్ బ్రేకులోనూ అదే నీతి, గాలి లోపలికొస్తే బండి ఆగుతుంది. కారు దారి వేరు. లాక్‌హీడ్ పేరుతో హైడ్రాలిక్ బ్రేకులు వచ్చి, 1921లో డ్యూసెన్‌బర్గ్ కారుకు నాలుగు చక్రాలకూ అమరినప్పటి నుంచి అంతా పాదం నుంచి చక్రం దాకా తెగని ద్రవం మీదే నడుస్తోంది. తర్వాతి కాలపు కార్లలో ఆ ద్రవాన్ని రెండు దారులు చేశారు, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది. మన మార్క్ టూకు దారి ఒక్కటే. ఆరు వీల్ సిలిండర్లు, ముందు చక్రాలకు రెండేసి, వెనక చక్రాలకు ఒక్కోటి. ఆరింట్లో ఏ ఒక్కటి కారినా ఆరూ పోయినట్టే. మిగిలేది తీగతో లాగే హ్యాండ్ బ్రేకు.

గంట అయింది. మోకాళ్ల మీద వంగి చూడండి. ఐదు పేపర్లూ పొడిగా ఉన్నాయి.

ఇక్కడే నేను మూడు నెలలుగా మోసపోయాను. కింద చుక్క లేదు కాబట్టి లీకు లేదనుకున్నాను. మరి మూడు సీసాల నూనె ఆవిరైపోయిందా? బూస్టరున్న కార్లలో అలా కూడా జరుగుతుంది, మాస్టర్ సిలిండరు వెనక నుంచి బూస్టరులోకి కారి, ఇంజను పీల్చేసుకుని తెల్లపొగగా వదిలేస్తుంది. దీనికి బూస్టరే లేదు. అంటే నూనె బండిలోనే ఎక్కడో దాక్కుంది.

జాకీ ఎక్కించి, ఇటుకలు అడ్డం పెట్టి, కింద స్టాండ్లు దింపాక గానీ మామ ఎవరినీ బండి కిందికి దూరనివ్వలేదు. ఇప్పుడు అతని వెనకాలే మీరూ దూరండి. టార్చి పట్టుకోండి. మామ కళ్లతో కాదు, వేళ్లతో వెతుకుతున్నాడు. మాస్టర్ సిలిండరు వెనక రబ్బరు టోపీ అంచును స్క్రూడ్రైవరుతో ఎత్తి వేలు పెట్టి చూపించాడు, పొడి. అక్కడి నుంచి ఇనప పైపు వెంట జాయింటు జాయింటుకీ వేలు. క్లిప్పు కింద తుప్పు పట్టిన చోట ఆగి గోరుతో గీకాడు, పైపు గట్టిగానే ఉంది. ముందు చక్రాలకు పోయే రెండు రబ్బరు హోస్‌లు, వెనక ఇరుసు మీదికి దూకే ఒక హోస్. ప్రతిదాన్నీ కొద్దిగా వంచి, పగుళ్లు నోరు తెరుస్తాయేమో చూశాడు. లేవు.

ఎడమ వెనక చక్రం దగ్గర ఆగాడు. టార్చి అక్కడ వేయండి. టైరు లోపలి గోడ మీద నెలవంకలా ఒక తడి మరక, దానికి అంటుకుని మెత్తని దుమ్ము.

"ఆక్సిల్ సీలు పోయింది" అన్నాను నేను, తెలిసినట్టు. పాత అంబాసిడర్లలో వెనక ఇరుసు నుంచి గేరాయిల్ డ్రమ్ములోకి కారడం కొత్త కాదు. మరక కూడా అలాగే నల్లగా ఉంది.

మామ మాట్లాడలేదు. గుంటడి చేత చెంబుతో నీళ్లు తెప్పించి, ఆ మరక మీద కొంచెం పోసి వేలితో రుద్దాడు. కరిగిపోయింది. సబ్బు నీళ్లలా పలచగా జారింది. గేరాయిల్ అయితే నీళ్లు దాని మీద ముత్యాల్లా దొర్లేవి, గంధకం కంపు కొట్టేది. ఇది తియ్యటి వాసన.

"నీ నూనె ఇక్కడుంది" అన్నాడు.

చక్రం విప్పారు. డ్రమ్ముకు ఉన్న రెండు చిన్న స్క్రూలు తుప్పుతో కదలనంటే, స్క్రూడ్రైవరు ఆనించి వెనక సుత్తితో ఒక్కటిచ్చాక దిగివచ్చాయి. హ్యాండ్ బ్రేకు వదిలి, అడ్జస్టరు వెనక్కి తిప్పి, చుట్టూ చెక్కదుంగతో తట్టి లాగితే డ్రమ్ము ఊడింది. గుంటడు ముందుకు వంగి దుమ్ము ఊదబోయాడు. మామ వాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టేశాడు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్లీ రాదు. తడిగుడ్డతోనే తుడవాలి.

లోపల చూడండి. దుమ్ము, నూనె కలిసి గోరింటాకు ముద్దలా పేరుకుంది. కింది లైనరు తడిసి నల్లబడింది. వీల్ సిలిండరు చివరి రబ్బరు టోపీని మామ చిటికెన వేలితో వెనక్కి మడవగానే, మూడు నెలలుగా మాకు కనపడకుండా తిరిగినది ధారగా జారి బ్యాక్‌ప్లేటు మీద పడింది. నేల మీదికి ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది కదా. డ్రమ్మే గిన్నెలా పట్టింది, దుమ్ము అద్దుడు కాయితంలా పీల్చుకుంది, మిగిలింది టైరు చల్లేసింది.

సిలిండరు విప్పి, పిస్టను, రబ్బరు వాషరు బయటికి తీసి, లోపలి గోడను స్పిరిట్‌తో కడిగి వెలుతురులోకి పట్టుకున్నాం. పైసగం అద్దం. కిందిసగంలో మశూచి మచ్చల్లాంటి గుంటలు. మీ గోరు అక్కడ పెట్టి లాగండి, తట్టుకుంటుంది. గోరుకు తెలిసే గుంట రబ్బరుకు తెలియదా? ఇలా ఉన్న సిలిండరుకు కొత్త కిట్టు వేస్తే రెండు నెలల్లో ఆ రబ్బరూ అరిగిపోయి కథ మొదటికొస్తుంది. మార్చాల్సిందే.

గుంటలు కిందివైపే ఎందుకు? బ్రేకాయిల్‌కు గాలిలో తేమ పీల్చే గుణముంది. ఈ ఊరి వానాకాలంలో అటకెక్కించిన బట్టలకే బూజు పడుతుంది, ఈ ద్రవం ఊరుకుంటుందా? పీల్చిన నీరు మెల్లగా ఇనుమును తినేస్తుంది, పల్లమున్న చోట ఎక్కువగా. ఇంకో నష్టమూ ఉంది. డాట్ 3 రకం కొత్త నూనె కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. నూటికి నాలుగు పాళ్లకు దగ్గరగా నీరు చేరిందంటే 140 డిగ్రీలకే మరగొచ్చు. మరిగితే ఆవిరి, ఆవిరి నొక్కితే నలుగుతుంది, పెడలు దిగిపోతుంది. నాన్న ఉన్నప్పుడు రెండేళ్లకోసారి మొత్తం మార్పించేవాడు. ఆ తర్వాత అది నా వంతు. నేను మార్పించలేదు.

ఆ ఆదివారం పని అక్కడితో ఆగింది. కొత్త సిలిండరు కోసం మా తమ్ముడు లోకల్లో హౌరా దిగి, కోల్‌కతా మల్లిక్‌బజార్ పాత సామాన్ల కొట్ల దగ్గర ఒక పూట తిరిగాడు. వెనక చక్రాలకు జత సిలిండర్లు, లైనర్లు తెచ్చాడు. తడిసిన లైనరును పొయ్యి మీద కాల్చి మళ్లీ వేసేవాళ్లున్నారు. మామ వాళ్ల పేరెత్తితేనే మండిపడతాడు. లోపల ఇంకిన నూనె వేడికి మళ్లీ పైకొస్తుంది, బండి ఒక పక్కకు లాగుతుంది. లైనర్లు రెండు పక్కలా కలిపి మార్చాలి, ఎడమకు కొత్తవి, కుడికి పాతవి ఉన్నా అదే లాగుడు.

తరువాతి ఆదివారం, సంక్రాంతి వెళ్లిన మర్నాడు. అమ్మ ముగ్గు పాతబడింది, ఇక తొక్కొచ్చు. గుంటడు కొత్త రబ్బర్లు కడుగుదామని కిరోసిన్ డబ్బా అందుకున్నాడు.

"ఒరే ఒరే, ఒగ్గీ!" మామ గొంతు వీధి చివరికి వినిపించి ఉంటుంది. కిరోసిన్, పెట్రోలు, ఇంజనాయిల్, గ్రీజు, ఏది తగిలినా ఆ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. ఒక్క మాస్టర్ సిలిండరులో చెంచాడు ఇంజనాయిల్ పడినా బండిలో ఉన్న అన్ని రబ్బర్లూ మార్చాల్సి వస్తుంది. రబ్బరును తడపాల్సింది బ్రేకాయిల్‌తోనే. వాషరు పెదవి ఒత్తిడి వచ్చే వైపుకు తిరిగి ఉండాలి, తిరగేస్తే ఒక్క తొక్కుకే కారుతుంది.

ఇప్పుడు మళ్లీ మీ పని. సీట్లో కూర్చోండి. పైపుల్లో దూరిన గాలి తీయాలి. మాస్టర్ సిలిండరుకు అన్నిటికన్నా దూరం ఎడమ వెనక చక్రం, మొదలు అక్కడే. మామ బ్లీడర్ నిపిల్‌కు పారదర్శకమైన గొట్టం తొడిగి, రెండో కొన నూనె పోసిన గాజు సీసాలో ముంచాడు. పెడలు కింద మాత్రం ఒక చెక్కముక్క పెట్టాడు, ఎందుకంటే మామూలుగా పిస్టను వెళ్లని లోతులో సిలిండరు గోడ గరుకుగా ఉంటుంది, గాలి తీసే ఉత్సాహంలో అడుగుదాకా తొక్కితే పాత వాషరు అక్కడ చీరుకుంటుంది. ఒక లీకు బాగుచేస్తూ ఇంకోటి తెచ్చుకోవడం ఇలాగే.

"తొక్కు!" తొక్కారు. "అలగే ఉంచు!" నిపిల్ వదులైంది, పెడలు జారి చెక్కను తాకింది. గొట్టంలో కందిగింజలంత బుడగలు. "ఉంచు, ఉంచు..." నిపిల్ బిగిసింది. "ఇప్పుడు ఒగ్గు." నేను నేలమూత దగ్గర కూర్చుని సిలిండరు ఎండిపోకుండా పోస్తూనే ఉన్నాను. ఒక్కసారి ఎండిందంటే మళ్లీ గాలి, మళ్లీ మొదలు. ఇరవైసార్లయినా తొక్కి ఉంటారు, మీ పిక్కకు తెలుసు. బుడగలు ఆవగింజలై, తర్వాత ఆగి, డికాషన్ పోయి తేనె రంగు వచ్చింది. తర్వాత కుడి వెనక, ఎడమ ముందు, చివరికి మీ పక్కనే ఉన్న కుడి ముందు చక్రం. మధ్యలో మడ్‌గార్డు మీద నాలుగు చుక్కలు చిందితే మామ తుడవలేదు, చెంబెడు నీళ్లు కుమ్మరించాడు. తుడిస్తే పెయింటు గుడ్డతో పాటు లేచొచ్చేది.

తొక్కి చూడండి. పైనే, రాయిలా ఆగింది కదా? అలాగే నొక్కిపట్టి అరవై లెక్కపెట్టండి. కాలు మెల్లగా దిగుతూ ఉంటే, బయట చుక్క లేకపోయినా మాస్టర్ సిలిండరు లోపలి వాషరు నూనెను వెనక్కి వదులుతోందని అర్థం. అది నూనె తగ్గించదు, కానీ బ్రేకు తగ్గిస్తుంది. యాభై ఎనిమిది, యాభై తొమ్మిది... కదల్లేదు.

రాత్రంతా బ్యాటు, ఐదు పేపర్లు. పొద్దున్నే మీరు లేచేసరికి మామ డ్రమ్ములు మళ్లీ విప్పించి వేలు పెట్టి చూస్తున్నాడు. పేపర్ల మాట ఈసారి నమ్మలేదు. ఆ తర్వాతే తాళం ఇచ్చాడు. వీధిలో నడక వేగంతో ముందు హ్యాండ్ బ్రేకు పరీక్ష, తర్వాత కాలి బ్రేకు, తర్వాత జనం లేని రోడ్డు మీద ముప్పైలో ఒకసారి, నలభైలో ఒకసారి. ఎటూ లాగకుండా ఆగింది.

యాభై ఏళ్లు దాటిన బండ్లకు 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు వచ్చాయి, దీనికీ ఆ వయసు వచ్చింది. ఆ నంబరు తీసుకుంటే రోజువారీ తిరగకూడదు, అందుకే ఇంకా తీసుకోలేదు.

మామ డబ్బు తీసుకోలేదు. సీసాలో మిగిలిన సగం నూనె దాచుకుందామంటే మాత్రం చేతిలోంచి లాక్కుని, పనికిరాని పాత నూనెలో కలిపేశాడు. మూత తీసిన సీసా తేమ పీలుస్తూనే ఉంటుందట. నెల రోజుల తర్వాత తివాచీ ఎత్తి అగ్గిపుల్ల ముంచాను. పుల్ల మీద మామ పెన్సిలుతో గీసిన గీత దగ్గరే తడి ఆగింది.